ఫోటో కడుపులో కల్వర్టు

మా ఆఫీసులో ఫోటోలు పోవడం కొత్త కాదు. చెదలు తిన్నవి ఉన్నాయి, వానకి తడిసి ఒకదానికొకటి అతుక్కుపోయినవి ఉన్నాయి, చూసి ఇస్తామని పట్టుకెళ్లి ఎవరూ తిరిగి ఇవ్వనివీ ఉన్నాయి. వాటి గురించి ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. కాని డిప్యూటీ డైరెక్టర్ పరాంకుశం గారి ఎడమ సగం పోయినప్పుడు మాత్రం యంత్రాంగం అంతా లేచి కూర్చుంది.

ఆ సగాన్ని పోగొట్టింది నేనే. నా పేరు సన్యాసిరావు, జిల్లా చిత్ర భాండాగారంలో ఫోటోగ్రాఫర్ని. మొక్కలు నాటే కార్యక్రమంలో తీసిన ఒక ఫోటోలో మా డైరెక్టర్ విశ్వంభరమూర్తి గారు నడిమధ్యన కాకుండా కాస్త ఎడమకి పడ్డారు. ఆయన్ని మధ్యకి తేవాలంటే కుడివైపు కొంత కొయ్యాలి, కోశాను. కోసిన చోట పరాంకుశం గారు నిలబడి ఉన్నారు. కుడి సగం ఫోటోలో మిగిలింది. ఎడమ సగం, ఆ చేతిలో పార, పార కింద మొక్క, అన్నీ కోతలో పోయాయి. పాత అలవాటు కొద్దీ సేవ్ నొక్కేశాను.

పరాంకుశం గారు ఆ ఏడాది హరిత సేవా పురస్కారానికి దరఖాస్తు పెట్టుకున్నారు. పార పట్టిన చెయ్యి కనబడకపోతే ఆయన మొక్క నాటినట్టు ఆధారం లేదు. వారం రోజులపాటు రోజూ పదిన్నరకల్లా నా టేబుల్ దగ్గరికొచ్చి, "నా సగం ఏదయ్యా?" అని అడిగేవారు. వెతుకుతున్నాను సార్ అనేవాణ్ణి. పురస్కారం ఇంకెవరికో వెళ్లిపోయింది. ఆ తరవాత ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం మానేశారు.

దాని మీద కమిటీ వేశారు. కమిటీ మూడు సార్లు కూర్చుని లేచాక ఉత్తర్వు వచ్చింది.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఇకమీదట ఏ చిత్రము యొక్క మూలమును ఎవ్వరును, ఏ కారణము చేతను తాకరాదు. చేయదలచిన సవరణలన్నియు విధ్వంసరహిత పద్ధతిలో సదరు చిత్రము యొక్క మెటాడేటాయందు మాత్రమే నమోదు చేయవలెను. ఉల్లంఘించినవారు మూల విధ్వంసకులుగా పరిగణింపబడుదురు."

తెలియనివాళ్ల కోసం చెబుతాను. మెటాడేటా అంటే ఫోటో కడుపులో ఉండే చీటీ లాంటిది. వెలుగు ఎంత పెంచాలి, ఎక్కడ కొయ్యాలి, ఫోటోలో ఎవరున్నారు, ఇవన్నీ అందులో రాసి పెడతాం. ఫోటో మాత్రం తీసింది తీసినట్టే ఉంటుంది. ఆ చీటీ చదవడం వచ్చిన సాఫ్ట్‌వేర్లో తెరిస్తే సవరించిన ఫోటో కనబడుతుంది, చదవడం రానిదాంట్లో తెరిస్తే పాతదే కనబడుతుంది. నిజం చెప్పొద్దూ, ఇది మంచి పద్ధతి. మా ఇంట్లో ఫోటోలకి నేను ఎప్పటినుంచో వాడుతున్నాను. దానికి తెలివి ఉంటే మా ఆఫీసు గడప తొక్కేది కాదు.

మా చీటీలు చదవడానికి 'దర్పణం' అని ఒక సాఫ్ట్‌వేర్ తెప్పించారు. జిల్లా మొత్తానికి అది మా ఆఫీసులోనే ఉంది. అందులో ఒక మూల 'మూలం చూపు' అని చిన్న బటన్ ఉంది. నొక్కితే సవరణలన్నీ తొలగి అసలు ఫోటో కనబడుతుంది. మొదటి రోజే డైరెక్టర్ గారు దాన్ని చూసి ముఖం చిట్లించారు.

"ఇది ప్రమాదకరమైన అంశం. మూలం పవిత్రమైనది. పవిత్రమైనదాన్ని ప్రతివారూ ఎప్పుడు పడితే అప్పుడు చూడటం దాని గౌరవానికి భంగకరం. నా లిఖితపూర్వక అనుమతి లేనిదే ఎవరూ దీన్ని నొక్కకూడదు" అన్నారు.

ఆయన ఇప్పటిదాకా ఎవరికీ అనుమతి ఇవ్వలేదు.

తరవాత ట్యాగుల పక్షోత్సవాలు జరిపించారు. ప్రతి ఫోటోకి తగ్గకుండా నలభై ట్యాగులు ఉండాలన్నారు. ఒక గేదె ఫోటో నా వంతుకి వచ్చింది. గేదె, నలుపు, కొమ్ములు, పచ్చిక అని రాసేసరికి నా సరుకు అయిపోయింది. మిగతా ముప్ఫై ఆరూ ఎక్కణ్ణుంచి తెస్తాను? సూపరింటెండెంట్ కామేశ్వరి గారి దగ్గర ఆమోదిత ట్యాగుల పట్టిక ఉంది. అందులోంచి అభివృద్ధి, సంతృప్తి, సాధికారత, లబ్ధిదారు, చిరునవ్వు అంటూ వరసగా ఎక్కించాను. నెల తిరక్కుండా రాజధాని నుంచి "సంతృప్తి చెందిన లబ్ధిదారుల చిత్రములు" పంపమని ఆదేశం వచ్చింది. దర్పణంలో వెతికితే అన్నిటికన్నా ముందు ఆ గేదె వచ్చింది. పంపించారు. బాగుందని జవాబు కూడా వచ్చింది.

మొదటి చిక్కు డైరెక్టర్ గారి ఫోటోతోనే వచ్చింది. పత్రికలకి ఇవ్వడానికి ఆయన ఫోటో ఒకటి తయారు చెయ్యమన్నారు. జుత్తు నల్లగా, పొట్ట లోపలికి, కళ్ల కింద సంచులు మాయం అని చీటీలో రాశాను. దర్పణంలో ఆయన నిగనిగలాడుతున్నారు. మర్నాడు పత్రికలో మాత్రం ఉన్న మనిషి ఉన్నట్టే అచ్చయ్యారు. పొట్టతో సహా.

డైరెక్టర్ గారు పత్రిక సంపాదకుడి నుంచి సంజాయిషీ కోరారు. మీ చీటీ చదివే సాఫ్ట్‌వేర్ మా దగ్గర లేదండీ, మాకు వచ్చిన ఫోటోనే వేశాం అని ఆయన మర్యాదగానే రాశాడు.

"అంటే లోపం ఫోటోలో లేదు, చూసేవారి దగ్గరుంది" అన్నారు డైరెక్టర్ గారు ఆ ఉత్తరం మడుస్తూ. ఈ మాట ఆయనకే చాలా నచ్చింది. పుస్తకంలో రాసుకున్నారు. ఆ తరవాత జరిగినదంతా ఆ మాటలోంచి పుట్టిందే.

ఒక సోమవారం ఇంజినీరింగ్ ఆఫీసు ఏ.ఈ. ధర్మలింగం గారు గుమ్మిడివలస కల్వర్టు ఫోటో పట్టుకొచ్చారు. ఊరికీ బడికీ మధ్య గెడ్డ ఉంది. మా వైపు వాగుని గెడ్డ అంటారు. దాని మీద కల్వర్టు మధ్యలో విరిగి రెండు బారల మేర ఖాళీ పడింది. మరమ్మతుకి ముందు ఒకటి, తరవాత ఒకటి ఫోటోలు మా భాండాగారంలో పెట్టాలని నియమం.

డైరెక్టర్ గారు ఫోటోని చాలాసేపు చూసి, "మరమ్మతు చేస్తే ఈ విరిగిన కల్వర్టు ఏమవుతుంది?" అని అడిగారు.

"ఏమవుతుంది సార్, బాగవుతుంది."

"అదే నేననేది. విరిగిన కల్వర్టు ఇక ఉండదు. మూలం నశిస్తుంది. రేపు ఎవరైనా వచ్చి మూలం చూపమంటే ఏం చూపిస్తారు?"

ధర్మలింగం గారిది సిమెంటు వ్యవహారం, ఇలాంటివి ఆలోచించిన మనిషి కాదు. డైరెక్టర్ గారు నా వైపు తిరిగి, "సన్యాసిరావ్, ఈ మరమ్మతు విధ్వంసరహితంగా నిర్వహించు" అన్నారు.

నేను నిర్వహించాను. పక్క ఊరి కల్వర్టు ఫోటోలోంచి ఒక ముక్క తెచ్చి ఖాళీలో అతికి, అంచులు కలిపి, రెండు వైపులా తెల్లటి పిట్టగోడలు కట్టి, ఆ వివరమంతా చీటీలో దాచాను. మధ్యాహ్నం టీ వేళకి కల్వర్టు పూర్తయింది. ధర్మలింగం గారు దర్పణంలో దాన్ని చూసి, ఇంత నున్నటి పని తన సర్వీసులో చూడలేదన్నారు. ఆయన రిజిస్టర్లో 'పూర్తయినది' అని రాసుకుని వెళ్లిపోయారు. నాకూ లోపల కొంచెం గర్వంగానే అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పది రోజుల తరవాత మజ్జి ఎర్రయ్యమ్మ వచ్చింది. గుమ్మిడివలస బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి. యాభై ఏళ్లుంటాయి, మోచేతికి పసుపు రాసిన గుడ్డ కట్టుకుని ఉంది.

"బాబూ, కలవర్టు అయిపోనాదని ఇంజినీరాఫీసులో సెప్పినారు. మా ఊర్ల నేదు. ఎక్కడ కట్టినారో సూపిత్తారేటని ఒచ్చినాను" అంది.

ఆ మాటలో ఎకసెక్కెం లేదు. నిజంగానే వెతుక్కుంటూ వచ్చింది. కుర్చీ వేసి కూర్చోబెట్టి దర్పణం తెరిచి చూపించాను. ఆమె తెర దగ్గరికి వంగి కొత్త పిట్టగోడని వేలితో తడిమింది.

"బాగా కట్టినారు. మరి దీని మీద ఎలగ నడవాల?"

నేను దర్పణం మూసేశాను.

"బియ్యం ఊర్లో ఉంటాది బాబూ. బడి అవతల గట్టునుంది. నలభై మంది పిల్లలు. రోజూ గెడ్డలో దిగి మూట నెత్తినెట్టుకుని దాటతన్నాను. మొన్న జారి పడితే మోసెయ్యి ఇలగయిపోనాది. ఇప్పుడంటే మోకాల్లోతు. వానలు పడితే పీకల్లోతొచ్చెత్తాది. అప్పుడు నాను దాటనేను, పిల్లలు దాటనేరు. ఆల్లకి కూడు ఎవులెడతారు?"

వానలకి ఇరవై రోజుల వ్యవధి కూడా లేదు. ఆమెని డైరెక్టర్ గారి గదిలోకి తీసుకెళ్లాను. ఆయన ఓపిగ్గా విన్నారు. ఆయనలో నాకు నచ్చే గుణం అదొక్కటే.

"అమ్మా, కల్వర్టు నిర్మాణం సంపూర్ణంగా జరిగింది. నీవు దానిని దర్పణం లేకుండా వీక్షిస్తున్నావు. అందువల్ల నీకు పూర్వస్థితి గోచరిస్తున్నది. ఇది వీక్షణ సంబంధమైన ఇబ్బందే తప్ప, నిర్మాణ సంబంధమైనది కాదు."

ఎర్రయ్యమ్మ నా వైపు తిరిగి, "బాబేటంతన్నారు?" అని అడిగింది.

"కల్వర్టు ఉందంటున్నారమ్మా. మనకి కనబడటం లేదంతే."

"కాళ్లకి కూడా కనపడతం నేదు బాబూ" అని ఆమె మోచెయ్యి పట్టుకుని లేచింది.

ఆమె వెళ్లాక కూడా పద్ధతి ఆగలేదు, పాకింది. బడుల కూలిన గోడలు చీటీల్లో లేచాయి. ఎండిన చెరువులు నిండాయి. మాస్టర్లు లేని బడుల ఫోటోలకి 'ఉపాధ్యాయుడు కలడు' అని ట్యాగు పెట్టమన్నారు, పెట్టాం. పక్క జిల్లాల వాళ్లు చూసి నేర్చుకుపోవడానికి బస్సు వేసుకుని వచ్చారు. పెద్దాసుపత్రి సూపరింటెండెంట్ గారైతే, ఎక్స్‌రే కూడా చిత్రమే కదా అని ఒక సందేహం రాసి పంపారు. అవును, చిత్రమే అని డైరెక్టర్ గారు స్పష్టీకరణ ఇచ్చారు.

ఆ స్పష్టీకరణ ఎవరికి పని చేస్తుందో అప్పుడు మాకు తెలియదు. గుమ్మిడివలస కల్వర్టుని తనిఖీ చెయ్యడానికి పరాంకుశం గారు బయల్దేరారు. వెంట నన్నూ కెమెరానీ తీసుకెళ్లారు. దర్పణం ఎక్కించిన ట్యాబ్లెట్ని రెండు చేతులా ముఖానికి ఎదురుగా పట్టుకుని, అందులో కల్వర్టుని చూసుకుంటూ నడవడం మొదలుపెట్టారు. "బ్రహ్మాండం, పిట్టగోడ చాలా బాగా వచ్చింది" అంటున్నారు. "సార్, ఆగండి" అని నేను రెండు సార్లు అరిచాను. నా మాట ఆయన వినడం మానేసి చాలా కాలమైంది. మూడో 'బ్రహ్మాండం' దగ్గర కింద పడ్డారు.

ఎర్రయ్యమ్మ అప్పుడే బియ్యం మూటతో గెడ్డ దాటుతోంది. మూట గట్టు మీదకి విసిరేసి, ఒంటిచేత్తో ఆయన జబ్బ పట్టుకుని లేపింది. "ఏటి బాబూ, కింద సూసుకోవాల గదా" అంటూ చెంగుతో ముఖం తుడిచింది. ఎడమ మణికట్టు విరిగింది ఆయనకి. ట్యాబ్లెట్ నీళ్లలో పోయింది.

పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. స్పష్టీకరణ ప్రకారం విరిగిన ఎముకని ఎక్స్‌రే కడుపులో అతికించారు. పరాంకుశం గారు మా దర్పణంలో ఆ అతుకు చూసుకుని తృప్తిపడ్డారు. చెయ్యి మాత్రం వేలాడుతూనే ఉంది, నొప్పి తగ్గలేదు. "ఎముక అతికింది. నొప్పే ఇంకా పాత వెర్షన్లో ఉంది" అని అందరికీ చెప్పుకునేవారు.

ఆ వారంలోనే ఎర్రయ్యమ్మ, వంటలో ఆమె తోడు మనిషి, మరి నలుగురు కలిసి రెండు తాటి దూలాలు తెచ్చి ఆ ఖాళీ మీద వేశారు. పైన చెక్కలు కొట్టారు, పక్కన పట్టుకోవడానికి తాడు కట్టారు. ఎవరినీ అడగలేదు. నేలమీద పని కదా, అడగాలని తోచి ఉండదు.

విషయం మా ఆఫీసుకి చేరింది. ఫిర్యాదు మీద సంతకం పెట్టింది ఎవరో కాదు, ఆమె నీళ్లలోంచి తీసిన పరాంకుశం గారే. కుడి చెయ్యి బాగానే ఉంది కదా.

"సదరు మజ్జి ఎర్రయ్యమ్మ అను వంటమనిషి, సంరక్షిత మూలస్థితిలో ఉన్న కల్వర్టునందు అనధికారికముగా దూలములు ప్రవేశపెట్టి, మూల విధ్వంసమునకు పాల్పడినది. కావున దూలములను తక్షణమే తొలగించి, సదరు వ్యక్తిని విధులనుండి తప్పించవలెను."

విచారణ శుక్రవారం పెట్టారు. సాక్ష్యానికి ఫోటో కావాలి. ఫోటో తియ్యాల్సింది నేను.

బుధవారం వెళ్లాను. ఆకాశం మబ్బు పట్టి ఉంది, పైన ఎక్కడో వాన పడి గెడ్డ అప్పటికే ఎర్రగా పారుతోంది. బడి వదిలే వేళ. పిల్లలు ఒకరి వెనక ఒకరు తాడు పట్టుకుని దూలాల మీద నుంచి ఇవతలకి వస్తున్నారు. ఎర్రయ్యమ్మ ఈ చివర నిలబడి తలలు లెక్కపెడుతోంది. ముప్ఫై తొమ్మిది దగ్గర ఆగి, నలభయ్యో తల వచ్చేదాకా నా వైపు చూడలేదు.

"ఫొటో తీత్తారా బాబూ?"

"తియ్యాలమ్మా. ఆర్డరు."

"తీత్తే దూలాలు పీకెత్తారు గదా?"

అబద్ధం చెప్పలేకపోయాను. ఆమె చీర సర్దుకుని, వెళ్లి దూలాల మధ్యలో నిలబడింది.

"అయితే నన్ను గూడా తియ్యండి. పిల్లల్లేనప్పుడు తీత్తే, ఎవులూ నడవటం నేదని అంతారు మల్ల."

తీశాను. నా సర్వీసులో అంత తిన్నగా పడిన ఫోటో ఇంకోటి లేదు. పరాంకుశం గారి సగం పోగొట్టినప్పుడు కూడా నాకు అంత బాధ కలగలేదు. ఆ రోజు పోయింది ఒక పార, ఒక మొక్క. శుక్రవారం తరవాత పోయేది నలభై మంది మధ్యాహ్నపు అన్నం. దాన్ని పోగొట్టే ఆధారం నా కెమెరాలో ఉంది.

గురువారం పొద్దున్న ఆఫీసుకి అందరికన్నా ముందు వెళ్లాను. ఫోటోని భాండాగారంలో చేర్చాను. మూలాన్ని వేలితో కూడా తాకలేదు, నేను నియమం తప్పే మనిషిని కాను. చీటీలో మాత్రం, దూలాలు తీసెయ్యమని రాశాను. చెక్కలు, తాడు, ఎర్రయ్యమ్మ కూడా తీసెయ్యమని రాశాను. వాటి వెనక గెడ్డ నీళ్లు నింపాను. నలభై ట్యాగులు పెట్టాను. అందులో మొదటిది 'యథాస్థితి'.

శుక్రవారం పదకొండు గంటలకి విచారణ మొదలైంది. కామేశ్వరి గారు ఫిర్యాదు చదివారు. దర్పణంలో నా బుధవారం ఫోటో తెరిచారు. తెర మీద గుమ్మిడివలస కల్వర్టు విరిగినది విరిగినట్టే, మధ్యలో ఖాళీతో, కళకళలాడుతూ కనబడింది.

డైరెక్టర్ గారు ఊపిరి పీల్చుకున్నారు. "మూలం సురక్షితంగా ఉన్నదే!"

పరాంకుశం గారు లేచారు. "సార్, దూలాలు ఉన్నాయి. నేను నిన్న స్వయంగా చూశాను."

"దర్పణంలోనా?"

"కాదు సార్. కళ్లతో."

"పరాంకుశం గారూ, మీరు సీనియర్ అధికారి. వీక్షణకు ఒక పద్ధతి ఉంది. మీరే ఇలా మాట్లాడితే కింది ఉద్యోగుల సంగతి ఏమిటి?"

"పోనీ ఒక్కసారి 'మూలం చూపు' నొక్కించండి సార్. సందేహం తీరిపోతుంది."

డైరెక్టర్ గారు కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు.

"మూలాన్ని కాపాడటానికే ఈ కార్యాలయం ఉంది. సందేహం వచ్చినప్పుడల్లా మూలాన్ని తెరిచి చూడటం మొదలుపెడితే, దాన్ని ఇంత భద్రంగా దాచడం ఎందుకు? అనుమతి నిరాకరించడమైనది. ఫిర్యాదు నిరాధారం. కొట్టివేయడమైనది. దూలాలు లేవు గనుక, వాటిని తొలగించే ప్రశ్న ఉత్పన్నం కాదు."

పరాంకుశం గారు చేత్తో చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. ఆ ఎముక ఎక్స్‌రేలో అతికి ఉండకపోతే ఆయన మీద నాకు జాలి కలిగేది.

శనివారం రాత్రి పెద్ద వాన. సోమవారం మధ్యాహ్నం ఎర్రయ్యమ్మ ఆఫీసుకొచ్చింది. చెంగు కింద ఒక స్టీలు డబ్బా ఉంది. నా టేబుల్ మీద పెట్టి మూత తీసింది. పప్పూ అన్నం, ఇంకా వేడిగా ఉన్నాయి. పిల్లలు తిన్నాక మిగిలిందంది.

"గెడ్డ పొంగీసింది బాబూ. దూలాల కింద జానెడే ఖాళీ. అయినా అందరూ ఒచ్చినారు, నలభై మందీ."

"తింటానమ్మా" అన్నాను.

ఆమె తెర వైపు చూసింది. అనుమానంగా, గొంతు తగ్గించి అడిగింది.

"ఇందులో మా దూలాలు ఉన్నాయేటి?"

"లేవమ్మా. తీసేశాను."

"మరి నాను?"

"నువ్వూ లేవు."

ఎర్రయ్యమ్మ గుండెల నిండా గాలి పీల్చుకుని, డబ్బా మూత చేతిలోకి తీసుకుంది.

"అయితే పర్లేదు. గెడ్డ మీదున్నాం."